వాసన పట్టే సామి

నాకు కోపం ఎక్కువని మా అమ్మ రంజాన్‌బీ వీధంతా చెప్పుకుంటుంది. చెప్పుకోనీ. నేను చేసే పనికి కోపం కావాలి. ఫ్యాక్టరీల్లో విషపు గాలి లీకైతే కూత పెట్టి చెప్పే మిషన్లు ఉంటాయి, గోడకు బిగించిన చిన్న డబ్బాలు. అవి నిజంగా పనిచేస్తున్నాయా లేదా అని, కొలిచి నింపిన గ్యాస్ వాటికి పట్టి చూడడం, తప్పు చూపిస్తే సరిచేయడం నా ఉద్యోగం. చిత్తూరు చుట్టుపక్కల పాల డెయిరీలు, ఐసు ఫ్యాక్టరీలు, మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు అన్నీ తిరుగుతాను. ఎక్కడికి పోయినా ఒకటే మాట: "పచ్చలైటు వెలుగుతా ఉండాది గదా మేడమ్, ఇంకేం సూసేది?" ఓరి దేవుడా! పచ్చలైటు కరెంటు వస్తోందని చెబుతుంది, అంతే. లోపల గాలిని పసిగట్టే సెన్సర్ చచ్చిపోయినా ఆ లైటు వెలుగుతూనే ఉంటుంది. ఈ సంగతి చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టింది.

పూతలపట్టు దాటినాక ఉన్న ఆ గుజ్జు ఫ్యాక్టరీ పేరు నేను చెప్పను. చాలా ఏళ్ళుగా వాళ్ళు మమ్మల్ని పిలవడం మానేశారు. ఈ వేసవిలో, సీజన్ మొదలయ్యే ముందు, ఎవరో తనిఖీకి వస్తారని భయం పుట్టి ఫోన్ చేశారు. స్కూటరు మీద నా పెట్టె కట్టుకుని పోయాను.

గుజ్జు నిలవచేసే గదులకు చలి పుట్టించేది అమోనియా. దాన్ని తిప్పే కంప్రెసర్లు రెండు ఒక గదిలో ఉంటాయి. చిన్నది ఏడాది పొడుగునా నడుస్తుంది, పెద్దది సీజన్‌లో మాత్రమే. ఆ గది తలుపు తీయగానే నా ముక్కు అదిరింది. నడుముకు తగిలించుకున్న నా సొంత మీటరు కీచుకీచుమంది. గోడ మీది డబ్బా మాత్రం సున్నా చూపిస్తోంది. పచ్చలైటు నిక్షేపంగా వెలుగుతోంది.

లోపల కంప్రెసర్ ఆపరేటరు యతిరాజులు ఉన్నాడు. యాభై దాటిన మనిషి, ఖాకీ చొక్కా, నుదుట సన్నగా నామం. అన్నదమ్ములంతా తిరుపతిలో కోవెల ఆఫీసుల్లోనో బడుల్లోనో ఉంటే, ఈయన ఒక్కడు ఐటీఐ చదివి మిషన్ల వెంట పడ్డాడు. అందరికీ ఆయన సామి. ఆ ఫ్యాక్టరీలో సామి ముక్కు పెద్ద పేరు మోసింది. ఒకప్పుడు ఏ పైపులో చీమంత లీకు ఉన్నా గడప దగ్గర నిలబడే చెప్పేసేవాడట. అందుకే అక్కడొక ఆనవాయితీ పెట్టుకున్నారు. సీజన్ మొదటి రోజు సామి గదిలోకి పోయి, గుండెనిండా గాలి పీల్చి, బయటికొచ్చి "బాగుండాది" అనాలి. ఆయన అన్నాకే టెంకాయ కొట్టి పెద్ద కంప్రెసర్ తిప్పుతారు.

"ఏంది సామీ, వాసన ఇంత ఘాటుగా ఉండాదే?" అన్నాను.

ఆయన నా మొహంలోకి చూశాడు. చూసి, "రొంత వస్తాదిలేమ్మా. ఎప్పుడూ ఉండేదే" అన్నాడు.

నేను డబ్బాకు గ్యాస్ పట్టే ప్లాస్టిక్ టోపీ తగిలించి, చిన్న సిలిండర్‌లోని గ్యాస్ వదిలాను. అంకె కదలలేదు. సెన్సర్ చచ్చింది. అమోనియా తగిలేకొద్దీ ఆ సెన్సర్ లోపల లోపల అరిగిపోతుంది, దాని తీరే అంత. చూపిద్దామని సామిని దగ్గరికి పిలిచాను. వంగి మొహం ఆనించినంత దగ్గరగా వచ్చాడు. టోపీ జారి గ్యాస్ సూటిగా ఆయన ముక్కు మీదికి కొట్టింది. నేను మొహం పక్కకు తిప్పుకున్నాను. ఆయన రెప్ప వేయలేదు.

నాకేదో తేడా కొట్టింది. సిలిండర్ మూయకుండానే, మామూలు మొహం పెట్టి, "ఇప్పుడు మూసేసినా. వాసన పోయింది గదా సామీ?" అన్నాను.

మళ్ళీ నా మొహం చూశాడు. "పోయిందిమ్మా" అన్నాడు.

సిలిండర్ మూసి, చెయ్యి పట్టుకుని ఆయన్ని బయట వేపచెట్టు కిందికి లాక్కొచ్చాను. "ఎన్నాళ్ళనుంచి సామీ?" అన్నాను. ఆయన బుకాయించలేదు. చెట్టు మొదట్లో కూలబడి తలవంచుకున్నాడు.

"రెండో కరోనాలో పోయిందిమ్మా. అందురికీ తిరిగొచ్చినాది, నాకు రాలా. తీర్థంలో పచ్చకర్పూరం గూడా తెలీదు. ఇంట్లో పులిహోర పోపు మాడిపోతా ఉంటే పక్కనే కూర్చోనుంటా, మా ఇంటామె గోదాదేవి పెరట్లోంచి పరిగెత్తుకొచ్చి అరిస్తే గానీ తెలవదు."

"మరి ఇన్నేండ్లు ఎట్లా నెట్టుకొచ్చినారు?"

"డబ్బా ఉండాది గదా. అది సున్నా సూపిస్తా ఉంటే బాగుండాదనుకుంటా. ఇంగ గిరి మొగం సూస్తా. వాడు వయసులో ఉండే మనిషి, వాసనొస్తే మొగం సిట్లించడా? వాడు గమ్మునుంటే నేనూ గమ్మునుంటా."

గిరి ఆయన కింద పనిచేసే రెండో ఆపరేటరు. ఆ పూట పైన కప్పు మీద నీళ్ళ పైపు బిగిస్తున్నాడు, రెంచి చప్పుడు వినబడుతోంది.

"ఆ డబ్బా చచ్చి ఎన్నాళ్ళయిందో అల్లాకే తెలియాల!" అని అరిచాను. "మీ ప్రాణం దాని మీద పెట్టుకొని కూర్చున్నారా సామీ? కండ్లు మండి, గొంతు పట్టేసి, అప్పుడు తెలుస్తాది మీకు. అప్పటికి తలుపు దాకా నడిచే ఓపిక యాడిది?"

ఆయన మొహం పాలిపోయింది. అయినా అడిగింది మాత్రం ఒక్కటే. "సారుకు చెప్పబాకమ్మా. నన్ను ఈడ ఉంచుకొనేదే ముక్కు కోసరం. అది లేదంటే ఇంటికి పొమ్మంటారు. ఈ వయసులో నాకు ఇంకో పని ఎవురిస్తారు?"

జాలేసింది, ఒళ్ళూ మండింది. రెండూ ఒకేసారి. "కొత్త సెన్సర్ పెట్టిస్తే చెప్పను" అన్నాను.

మేనేజరు జయచంద్ర ఏసీ గదిలో కూర్చుని ఫోన్‌లో మామిడి ధరల మీద ఎవరినో కేకలేస్తున్నాడు. ఫోన్ పెట్టేదాకా నిలబడి, సెన్సర్ చచ్చింది, చిన్న కంప్రెసర్ దగ్గర ఎక్కడో సన్నగా లీకవుతోంది, రెండూ సరిచేయకుండా పెద్ద మిషన్ తిప్పొద్దు అని చెప్పాను. నా మీటరులో అంకె చూపించాను. పనివాళ్ళు రోజంతా ఉండకూడని లెక్క అది.

"ఏమ్మా, ఆ మాత్రం వాసన లేని అమోనియా ప్లాంటు యాడుండాది?" అని నవ్వాడు. "మా సామి ముక్కు ముందర నీ డబ్బా ఎంత? ఆయనకు తెలీకుండా లీకవుతాదా? సీజను కానీ, అప్పుడు సూద్దాం."

"సామి కూడా మనిషే సార్."

"సరుకు అమ్ముకొనేదానికి వచ్చినావు, అమ్ముకో. బెదిరించబాకు."

మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆ ముక్కుకు పూలవాసన కూడా తెలియదురా నాయనా అని అరిచేద్దును. మాటిచ్చాను గదా, నోరు కుట్టేసుకుని బయటపడ్డాను. నా జీవితంలో అంత కష్టపడి నోరు మూసుకున్నది ఎప్పుడూ లేదు.

గేటు దగ్గర సామికి చెప్పాను. "మీ ముక్కు ఉందనే వాళ్ళు సెన్సర్ కొనడంలా. మీరే చెప్పాల. చెప్పేదాకా కొనరు." ఆయన కండువాతో మొహం తుడుచుకుని లోపలికి పోయాడు.

ఆ తర్వాత నేను ఊరుకోలేదు. ఏ ఊళ్ళో ఏ డబ్బా సరిచేస్తున్నా మధ్యలో ఆయనకు ఫోన్ కొట్టేదాన్ని. "చూద్దాంలేమ్మా" అనేవాడు. ఒకసారి గోదాదేవమ్మ ఎత్తి, "వారు కోవెలకు పోయినారమ్మా" అంది. వెనకాల ఆయన దగ్గు నాకు వినబడుతూనే ఉంది. మా ఆయన అజ్మల్ ఇదంతా చూసి, "ఆయన ఉద్యోగం ఆయనిష్టం, నీకెందుకే" అన్నాడు. ఎందుకేమిటి? ఆ గదిలో ఎవరైనా పడిపోతే రేపు నేనెట్లా తినేది, ఎట్లా పడుకునేది? అదే మాట ఆయన మొహానే అనేశాను.

చివరికి ఒకరోజు సామే ఫోన్ చేశాడు. గొంతు నెమ్మదిగా ఉంది.

"రేపు పూజమ్మా. నువ్వు రా. చెప్పేస్తా."

"నిజంగానా సామీ?"

"పెద్ద మిషను తిరిగిందంటే గిరి పగలంతా ఆ గదిలోనే ఉంటాడు. ఒంటరోడు గాదు, పెండ్లాం బిడ్డలుండే మనిషి. నా పరువు కోసరం వాణ్ణి చంపుకోలేను. నన్ను పొమ్మంటే పోతా. సెన్సరొస్తాది గదా, అది చాలు."

ఆ రాత్రి నాకు నిజంగా సంతోషమేసింది. పెద్దమనిషి అనుకున్నాను.

మర్నాడు నేను పోయేసరికి తోతాపురి కాయల ట్రాక్టర్లు, లారీలు గేటు నుంచి హైవే దాకా బారులు తీరి ఉన్నాయి. డ్రైవర్లు లారీల నీడన పడుకుని ఉన్నారు. కంప్రెసర్ గది ముందర ముగ్గు వేసి, అరిటాకులో పండ్లు, పూలు, టెంకాయలు పెట్టారు. జయచంద్ర తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు. తలుపులు మూసి ఉన్నాయి కాబట్టి బయట నిలబడ్డవాళ్ళకు వాసన ఏమీ తెలియడం లేదు. నన్ను చూసి జయచంద్ర మొహం చిట్లించాడు.

"సామీ, పోయి సూసి రా. లేటవతా ఉండాది" అన్నాడు.

సామి తలుపు దాకా పోయాడు. గడియ మీద చెయ్యి వేసి, తీయకుండా అట్లాగే వెనక్కి తిరిగాడు.

"సార్, నాకు వాసన తెలీదు. శానా ఏండ్లాయ పోయి. పోయిన సీజన్లంతా ఉత్తుత్తికే బాగుండాదని చెప్పినా. తప్పయిపోయింది. ఈ అమ్మ చెప్పేది నిజం, ఆ డబ్బా సచ్చిపోయింది. సెన్సరు పెట్టకుండా మిషను తిప్పబాకండి."

జయచంద్ర ముందు నవ్వబోయాడు, తర్వాత మొహం ఎర్రబడింది. "పూజ కాడ ఇదేం మాటయ్యా! ఇన్నేండ్లు జీతం తీసుకొని..." అని ఆగి, బయటి లారీల వరస వైపు చూశాడు. "సరే. రేపట్నుంచి గేటు కాడ కూర్చో నువ్వు. గిరీ, నువ్వు పోరా. ఈ ఏడు నుంచి నువ్వు సూడు."

సామి తన పరువంతా అందరి ముందూ నేల మీద పెట్టేస్తే, ఈయన బల్బు మార్చినంత తేలిగ్గా ముక్కును మార్చేశాడు. సెన్సర్ మాటే లేదు.

గిరి ముందుకొచ్చాడు. ముప్పై నిండని మనిషి, సామి పక్కనే పని నేర్చుకున్నవాడు. సామి వైపు ఒకసారి బాధగా చూసి, తలుపు తీసుకుని లోపలికి పోయాడు. నేను వెనకే గడప దాకా పోయాను. లోపలి నుంచి ఘాటు గుప్పున కొట్టింది. పోయినసారి కంటే ఎక్కువ. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నడుం దగ్గర మీటరు కీచుమంటూనే ఉంది. గిరి గది నడిమధ్యలో నిలబడి, ఛాతీ విరుచుకుని గాలి పీల్చాడు. బయటికొచ్చి, "బాగుండాది సార్. ఏం వాసనా లేదు" అన్నాడు.

"ఏందిరా ఆ అబద్ధం!" అని మీద పడ్డాను. "నా కండ్లు చూడు. సారుకు భయపడి ప్రాణం మీదికి తెచ్చుకుంటావా?"

"అబద్ధమెందుకు చెప్తా మేడమ్? ఏముండాది ఆడ?" అన్నాడు.

ఆ మొహంలో అబద్ధం లేదు. భయం కూడా లేదు. నేనెందుకు అరుస్తున్నానో తెలియక తెల్లబోయి చూస్తున్నాడు.

"మిషను అమ్ముకొనేదానికి ఆమె మీటరు అరవకుండా ఉంటాదా?" అన్నాడు జయచంద్ర, రెండడుగులు వెనక్కి వేస్తూ. తలుపు తెరిచి ఉండడంతో ఆయనకూ ఘాటు అందినట్టుంది, చేతిగుడ్డ తీశాడు. "టెంకాయ కొట్టండ్రా."

"ఆగండి సార్" అన్నాడు సామి. ఆయన గిరినే చూస్తున్నాడు. నాకంటే ముందు ఆయనకే అర్థమైంది. అరిటాకు దగ్గరికి పోయి ఏదో గుప్పిట్లో పట్టుకుని వచ్చాడు.

"గిరీ, కండ్లు మూసుకో."

"ఏంది సామీ, పిల్లకాయల ఆట?"

"మూసుకోరా నాయనా."

గిరి కళ్ళు మూసుకున్నాడు. సామి గుప్పిట తెరిచి అతని ముక్కు కిందికి పెట్టాడు. మల్లెపూలు. అంత దూరంలో నిలబడ్డ నాకు కూడా వాటి వాసన తెలుస్తోంది.

"ఇదేంది?"

గిరి పీల్చాడు. "మామిడిపండు గదా" అని నవ్వాడు. వెనకాల ఎవరో కిసుక్కున నవ్వి, వెంటనే ఆపేశారు.

"ఇంకోసారి సూడు. బాగా పీల్చు."

ఈసారి గిరి నవ్వలేదు. చాలాసేపు పీల్చాడు. పూలు పెదవులకు తగిలాయి. అప్పుడు గొంతు తగ్గించి, "పూలా సామీ?" అని అడిగాడు. కళ్ళు తెరిచి సామి చేతిలోకి చూశాడు. తర్వాత మా అందరి మొహాలూ ఒకటొకటే చూశాడు.

"వాసనొస్తా ఉండాదా లేదా అని నువ్వెట్లా తెలుసుకొంటా ఉన్నావురా ఇన్నాళ్ళు?" అన్నాడు సామి.

"నీ మొగం సూసి. నువ్వు బాగుండాదంటే నేనూ బాగుండాదనుకొంటి. వాసన పట్టేది నీ పని గదా సామీ. నేను పట్టించుకోలా."

"నేను నీ మొగం సూస్తా ఉన్నారా" అన్నాడు సామి.

"నీకు కరోనాలో వాసన పోయిందా గిరీ?" అని అడిగాను.

"నాకు కరోనానే రాలేదే మేడమ్."

అప్పుడు చెప్పాను, ఉన్నది ఉన్నట్టుగా. ఆ లీకు నిన్నామొన్నటిది కాదు. ఒక్కరోజులో మనిషిని పడేసేంత లేదు, రోజూ ఇంతింత పీలుస్తుంటే కళ్ళు ఆ మంటకు అలవాటుపడి, ముక్కు లోపల కాలిపోతూ వచ్చి ఉంటుంది. కూత పెట్టాల్సిన డబ్బా సున్నా చూపిస్తూ కూర్చుంది. సామికి కరోనా తర్వాత తిరిగి రావాల్సిన వాసన ఇందుకే రాలేదేమో, డాక్టరు చూసి చెప్పాలి. ఇది చెబుతుంటే నాకు ఏడుపొచ్చింది. కోపమో ఏడుపో, ఏదైతేనేం. సామి తన అరచేతిని చూసుకుంటూ నిలబడ్డాడు. మల్లెపూలు రాలిపోయినా చెయ్యి అట్లాగే చాపి ఉన్నాడు.

జయచంద్ర చేతిగుడ్డ ముక్కు మీది నుంచి తీయలేదు. చిన్న కంప్రెసర్ కూడా ఆపించాడు, గది తలుపులు తెరిపించి అందర్నీ దూరం పొమ్మన్నాడు. ఆ తర్వాత నా వైపు తిరిగి, "ఆ సెన్సరు ఎప్పటికి తెప్పిస్తారు మేడమ్?" అన్నాడు. ఆయన నోట మేడమ్ అనే మాట నేను వినడం అదే మొదటిసారి. ఇన్నాళ్ళూ నేను కొట్లాడింది ఆ సెన్సర్ మాట కోసమే. వచ్చింది. చెంప పగలగొట్టాలనిపించింది.

"రేపు" అన్నాను.

పెట్టె సర్దుకోవడానికి వేపచెట్టు కిందికి పోతే, గిరి అక్కడ ఒంటరిగా కూర్చుని ఉన్నాడు. నేల మీద రాలిన పూలు ఏరుకొచ్చుకున్నట్టున్నాడు. ముక్కు దగ్గర పెట్టుకుంటున్నాడు, తీస్తున్నాడు, మళ్ళీ పెట్టుకుంటున్నాడు. ఆస్పత్రికి ఎక్కడికి పోవాలో, ఎవరిని చూడాలో చెప్పాను. తలూపాడు గానీ విన్నాడో లేదో తెలియదు.

"మేడమ్, మాకు పాప పుట్టి మూడు నెల్లాయ" అన్నాడు.

"అట్లనా."

"పసిబిడ్డ తలకాయ కాడ ఏందో వాసన ఉంటాదని మా ఇంటామె పొద్దస్తమానం చెప్తా ఉంటాది. ఎత్తుకున్నప్పుడంతా సూడు సూడు అంటాది. నేనూ సూసి ఊఁ అంటా. అది ఉత్త మాట, ఆడోళ్ళు ముద్దుకు అంటారు అనుకొంటి." నా వైపు తిరిగాడు. "నిజంగానే ఉంటాదా మేడమ్?"

నాకు ఇద్దరు పిల్లలు. "ఉంటాది గిరీ" అన్నాను.

"ఎట్లుంటాది?" అన్నాడు.

పెట్టె పక్కన పెట్టి అతని దగ్గర కూర్చున్నాను.